నంబరు ఉంది, ఇంటిపేరు లేదు

దక్షిణాఫ్రికాలో అప్పలసామి, మారిషస్‌లో అప్పన్న, సింహాద్రి. అక్కడ ఇవి కుటుంబాల పేర్లు. వింటే చాలు, ఉత్తరాంధ్ర వాళ్లకు వేరే ఆనవాలు అక్కర్లేదు. సింహాచలం అప్పన్న పేరు పిల్లలకు పెట్టుకునే నేల ఇది. అయితే ఆ కుటుంబాల పూర్వీకులది శ్రీకాకుళం వైపు ఏ ఊరు, విజయనగరం వైపు ఏ ఇల్లు? దీన్ని తేల్చడానికి కొంత చరిత్ర, కొంత గణితం, కొంత జన్యుశాస్త్రం కావాలి.

ఒప్పంద కూలీలతో మద్రాసులో బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా సుమారు 1,52,000 మంది భారతీయులు దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లారు. వారిలో మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవులో ఓడెక్కినవారే. మారిషస్‌కు 1834 నుంచే వలస సాగింది. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి.

కూలీ పారిపోతే పట్టుకోవాలి, ఒప్పందం తీరిందో లేదో లెక్క చూడాలి. అందుకే ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి వివరాలు రాసుకున్నారు. నేటాల్ ఓడ జాబితాలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటి మీద మచ్చలు ఉంటాయి. మారిషస్‌లో 1860ల నుంచి ఫొటోలూ తీశారు. ఆ దస్తావేజులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. పెళ్లి, మరణ పత్రాల్లోనూ తరచూ ఆ నంబరే కనిపిస్తుంది. కాబట్టి వెతకడం నంబరుతో మొదలుపెట్టాలి.

నంబరు దొరక్కపోతే పేరే దిక్కు. తెలుగు పేరును గుమస్తా తన చెవికి తోచినట్టు ఇంగ్లిషులో రాసుకునేవాడు. ఇక్కడ సౌండెక్స్ అనే పద్ధతి పనికొస్తుంది. దీనికి అమెరికాలో 1918లో పేటెంటు ఇచ్చారు. మొదటి అక్షరం ఉంచుతారు, అచ్చులు వదిలేస్తారు, దగ్గరి ధ్వనులున్న హల్లులకు ఒకే అంకె ఇస్తారు. సింహాచలం అన్నా, సిమాచెల్లం అన్నా, షిమాచలం అన్నా వచ్చేది ఎస్524 అనే ఒకే కోడ్. కానీ ఆనాటి దొరలు మన ‘అ’ను చాలాసార్లు ‘యు’ అక్షరంతో రాసేవారు. అప్పన్న ‘ఎ’తో మొదలైతే ఎ150, ‘యు’తో మొదలైతే యు150. మొదటి అక్షరం మారగానే మనిషి జారిపోతాడు. రెండు రకాలుగానూ వెతకాల్సిందే.

తర్వాతి చిక్కు జిల్లా. చికాకోల్ అంటే శ్రీకాకుళం. ఆ తాలూకా, టెక్కలి, సోంపేట తాలూకాలు 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేవి. జాబితాలో గంజాం అని చూసి నేరుగా ఒడిశా వెళ్తే దారి తప్పవచ్చు. విజయనగరం, పాలకొండ, బొబ్బిలి అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోవి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. ‘వలస’తో ముగిసే ఊళ్లు ఈ ప్రాంతంలో లెక్కలేనన్ని. తాలూకా సరిపోల్చుకోకుండా ఊరిని ఖాయం చేయకూడదు.

ఊరు దొరికాక అసలు కష్టం ఎదురవుతుంది. ఓడ జాబితాలో ఇంటిపేరుకు గడి లేదు. మన ఊళ్లలో ఇంటిపేరు లేకుండా ఎవరి కుటుంబమో చెప్పలేరు. సర్కారు రికార్డులూ ఇక్కడ పలచనే. 1802 శాశ్వత శిస్తు నాటి నుంచి విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీల్లో రైతుల లెక్క ఎస్టేటు చూసుకునేది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే చేసి రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగళ్లలో పట్టాదారుల పేర్లు దొరుకుతాయి. వలస వెళ్లినవారిలో చాలామందికి భూమి లేదు. ఊళ్లో ఉండిపోయిన అన్నదమ్ముల పిల్లల పేరనైనా పట్టా ఉందేమో చూడాలి.

డీఎన్‌ఏ పరీక్ష తేల్చదా? వెళ్లినవాడి మునిమనవలకూ, ఇక్కడున్న తమ్ముడి మునిమనవలకూ ఉమ్మడిగా ఉండే డీఎన్‌ఏ సగటున 0.8 శాతం. మేనరికాలు తరతరాలుగా సాగిన ఇళ్లలో ఈ వాటా పెరుగుతుంది, దూరపు చుట్టం దగ్గరివాడిలా కనిపిస్తాడు. పైగా పరీక్ష చుట్టరికం చెబుతుంది గానీ ఊరి పేరు చెప్పదు. కాగితంతో కలిస్తేనే దానికి విలువ.

రంగం (రంగూన్) వెళ్లినవారి సంగతి మరీ కష్టం. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగమే. మేస్త్రీల వెంట ఓడ డెక్కు మీద వెళ్లినవారికి ఇలా మనిషికో నంబరు లేదు. ఒప్పందపు బందీల జాడ కాగితం మీద మిగిలింది, స్వేచ్ఛగా వెళ్లినవారి జాడ చాలావరకు పోయింది.

మీ ఇంట్లో ఎవరో ఓడెక్కి వెళ్లి తిరిగి రాలేదని పెద్దలు చెబుతుంటే ఈ వారమే అడిగి రాసిపెట్టండి. ఆయన పేరు, తండ్రి పేరు, తోబుట్టువులు, ఊరు, అన్నిటికన్నా ముఖ్యంగా ఇంటిపేరు. పాత పట్టాలకు ఫొటోలు తీసి ఉంచండి. డర్బన్ నుంచో, మారిషస్ నుంచో వెతుక్కుంటూ వచ్చేవారి దగ్గర మిగతావన్నీ ఉంటాయి. ఇంటిపేరు చెప్పగలిగింది మనమే.