క్షయవ్యాధి: దేహములోని రక్షణ సంకేతములు

సూరత్ నగరమునందలి మరమగ్గముల కార్ఖానాలలో తెలంగాణ ప్రాంతమునుండి వలసపోయిన తెలుగు నేతకార్మికులు పెక్కుమంది పనిచేయుచున్నారు. గాలి చొరని ఇరుకు గదులలో పలువురు కలిసి నివసించుచోట క్షయ సులభముగా వ్యాపించును. అయినను సూక్ష్మజీవి సోకిన ప్రతివాడును రోగి కాడు. సోకినవారిలో నూటికి 5 నుండి 10 మందికి మాత్రమే జీవితకాలములో వ్యాధి బయటపడును. తక్కినవారిని కాపాడుచున్న దేమి?

వార్తలను మోయు ద్రవ్యములు

రాబర్ట్ కాక్ 1882లో కనుగొనిన క్షయజీవి, రోగి దగ్గినపుడు గాలిలోనికి వెలువడి ఇతరుల ఊపిరితిత్తులను చేరును. అచటి భక్షక కణములు దానిని మ్రింగును గాని, అది తరచుగా వాని లోపలనే బ్రతికి వృద్ధిచెందును. అంతట కొన్ని కణములు క్షయజీవి అంశములను శోషరస గ్రంథులకు కొనిపోయి, ఇంటర్‌ల్యూకిన్-12 అను సంకేతద్రవ్యమును విడుదల చేయును. దానివలన టి-కణములు శత్రువును గుర్తించి పోరునకు సిద్ధమగును. అవి కొన్ని వారములకు ఊపిరితిత్తులను చేరి, గామా ఇంటర్‌ఫెరాన్ అను మరియొక ద్రవ్యమును వెలువరించును. ఇది భక్షక కణములకు బలము నిచ్చి, మ్రింగిన జీవిని చంపునట్లు చేయును. టి.ఎన్.ఎఫ్. అను ద్రవ్యము కణములను గుమిగూర్చి, క్షయజీవుల చుట్టును కోటవలె నిలుపును.

ఈ సంకేతములు మితిమీరినచో ఊపిరితిత్తులే శిథిలమై గుంటలు పడును. ఇంటర్‌ల్యూకిన్-10 వాని తీవ్రతను అణచును. అది అధికమైనను క్షయజీవికే లాభము. పడుగును మిక్కిలి బిగించిన తెగును, వదలిన నేత చెడును. దేహరక్షణయు నట్టిదే.

అనుభవము నేర్పిన పాఠములు

ఇంటర్‌ల్యూకిన్-12 మార్గమున జన్మతః లోపముగల శిశువులకు, బలహీనపరచిన బి.సి.జి. జీవులవలన సైతము తీవ్రవ్యాధి కలుగవచ్చును. కీళ్లవాతమునకు టి.ఎన్.ఎఫ్.ను అడ్డగించు మందులు వాడినవారిలో, అణగియున్న క్షయ తిరిగి తలయెత్తుట 2001లో వెల్లడియైనది. హెచ్.ఐ.వి. టి-కణములనే నశింపజేయును గనుక క్షయకు దారి తెరచును.

మన దేశమున బి.సి.జి. టీకాలు 1948లో ప్రారంభమైనవి. తొలి కేంద్రములలో మదనపల్లె యొకటి. ఈ టీకా శిశువులను మెదడుపొరల క్షయవంటి ఘోరరూపములనుండి కాపాడును. పెద్దలలో ఊపిరితిత్తుల క్షయను అది నివారింపలేదని 1968లో చెంగల్పట్టు జిల్లాలో ఆరంభించిన మహాపరీక్ష తేల్చినది. కావున టీకా పొందితిమని ఏమరియుండరాదు.

ప్రజల కర్తవ్యము

పోషణ చాలని దేహమున టి-కణముల శక్తి క్షీణించును. జార్ఖండ్‌లో జరిగి 2023లో ప్రకటింపబడిన పరిశోధనలో, రోగి కుటుంబీకులకు అదనపు ఆహార మొసగుటచే వారిలో క్రొత్తగా క్షయ సోకుట సుమారు నూటికి 40 వంతులు తగ్గినది. చికిత్సలో నున్నవారికి ప్రభుత్వము ఆహారమునకై ఇచ్చు సహాయము 2024 నవంబరునుండి నెలకు 1000 రూపాయలైనది.

రెండు వారములకు మించి దగ్గున్నచో కఫమును పరీక్ష చేయించుకొనవలెను. ప్రభుత్వ కేంద్రములలో పరీక్షయు, మందులును ఉచితము. సాధారణ క్షయకు మందులను ఆరు నెలలు వాడవలెను; దగ్గు తగ్గెనని మధ్యలో మానరాదు. చికిత్సా కాలమున స్వగ్రామమునకు వెళ్లు కార్మికుడు ముందుగా ఆ సంగతి ఆరోగ్యకేంద్రమున తెలుపవలెను. అచట చికిత్స కొనసాగునట్లు వారు ఏర్పాటు చేయుదురు. రోగితో ఒకే గదిలో నివసించువారందరును పరీక్ష చేయించుకొనుట అవశ్యము.

దేహము తన పోరు తాను సాగించును. దానికి మందు, ఆహారము, గాలి, వెలుతురు సమకూర్చుట మన విధి.