తెలుగు పరిశోధక రచనలో కంప్యూటర్ వ్యవస్థల వినియోగం: గుంటూరు పరిసరాలు ఆధారంగా తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

వ్యక్తిగత కంప్యూటర్లను పోల్చేటప్పుడు వేగం, ధర, వైరస్ భయం వంటి అంశాలే సాధారణంగా చర్చకు వస్తాయి. తెలుగులో సిద్ధాంతగ్రంథం రాసే పరిశోధకుడు వీటికంటె ముందుగా తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. తాను రాసిన అక్షరం మరొక యంత్రంలో, మరి పదేళ్ల తరువాత, అక్షరంగానే మిగులుతుందా? గుంటూరు పరిసరాల పరిశోధక రచనను ఆధారంగా చేసుకొని విండోస్, లినక్స్, మ్యాక్ వ్యవస్థలను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: యూనికోడ్, అను లిపి, ఖతులు, ఆపరేటింగ్ సిస్టమ్, ఇన్‌స్క్రిప్ట్, శోధ్‌గంగ.

1. ప్రవేశిక

ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. ఆ పరిసరాల్లో తయారయ్యే తెలుగు సిద్ధాంతగ్రంథం ఎక్కువగా మూడు యంత్రాల మీదుగా ప్రయాణిస్తుంది. మొదటిది పరిశోధకుని సొంత ల్యాప్‌టాప్, లేదా ఫోను. రెండవది అరండల్‌పేటలోనో బ్రాడీపేటలోనో ఉన్న డీటీపీ కేంద్రంలోని కంప్యూటర్. మూడవది గ్రంథం ఎలక్ట్రానిక్ ప్రతిని స్వీకరించే కార్యాలయంలోని యంత్రం. ఈ మూడింటిలో ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలన్న నియమం లేదు. ఉన్నా ఒకే కాలానికి చెందినది కాకపోవచ్చు. పరిశోధకుడు ఇంట్లో రాసుకున్న అధ్యాయం డీటీపీ కేంద్రంలో తెరిచేసరికి చదరపు గడులుగా కనిపించడం, లేదా అక్కడ కూర్చిన అధ్యాయం ఇంట్లో ఇంగ్లీషు అక్షరాల గందరగోళంగా మారడం పరిశోధకులకు పరిచయమైన అనుభవమే. దీనిని చాలామంది కంప్యూటర్ చెడిపోవడంగా భావిస్తారు. యంత్రం చెడలేదు. తెలుగు అక్షరాన్ని దాచిపెట్టే పద్ధతులు వేరు కావడమే ఇందుకు కారణం.

2. అను లిపి, పేజ్‌మేకర్: ఒక అలవాటు మూలాలు

యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు ఖతులన్నీ దాదాపు ఒకే ఉపాయం మీద నడిచాయి. ఎనిమిది బిట్ల ఖతిలో 256 గడులు మాత్రమే ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన ఆ గడుల్లో తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్టును, గుడిని, వత్తులను, కొన్ని పూర్తి అక్షరాలను అమర్చేవారు. తెర మీద తెలుగు కనిపిస్తుంది. ఫైలు లోపల ఉండేది మాత్రం ఇంగ్లీషు సంకేతాలు. ఖతిని తీసివేస్తే తెలుగు మాయమవుతుంది. ఏ గడిలో ఏ ముక్క ఉండాలన్నది ఒక్కొక్క తయారీదారు సొంత నిర్ణయం కావడంతో ఒక ఖతి పాఠం మరొక ఖతిలో చదవడానికి పనికిరాదు.

అను స్క్రిప్ట్ మేనేజర్ ఈ కోవకు చెందినదే. పేజ్‌మేకర్‌తో కలిసి అది తెలుగు ముద్రణను ఏలింది. పేజ్‌మేకర్‌ను ఆల్డస్ సంస్థ 1985లో మెకింటాష్ కోసం తయారు చేసింది. 1987లో విండోస్‌కు తెచ్చింది. 1994లో ఆల్డస్ అడోబీలో విలీనమైంది. 7.0 తరువాత కొత్త పేజ్‌మేకర్ రాలేదు. దానికి యూనికోడ్ తెలియదు. అయినా డీటీపీ కేంద్రాలు దానిని వదులుకోలేదు. ఇందుకు మొండితనాన్ని కారణంగా చెప్పడం న్యాయం కాదు. కూర్పరి ఇరవై ఏళ్లుగా వేళ్లకు నేర్పుకున్న వేగం, దాచుకున్న వందలాది పాత ఫైళ్లు, శుభలేఖ మొదలు కవితాసంపుటి వరకు పనికివచ్చే రకరకాల అను ఖతుల అందం వారి జీవనాధారం. యూనికోడ్ వచ్చిన తొలి సంవత్సరాల్లో అంత వైవిధ్యమున్న ఖతులు లేవు.

ఇక్కడ ఒక చిన్న వింత గమనించదగినది. అను వాడేవారిలో ఎందరో ఎంచుకునే కీబోర్డు అమరిక పేరు ‘ఆపిల్’. ఆ పేరును రోజుకు పదిసార్లు పలికే కూర్పరులలో చాలామంది ఆపిల్ కంప్యూటర్‌ను తాకి ఉండరు. వారి పనంతా విండోస్ మీదే. అలవాటు యంత్రాన్ని దాటి బతుకుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ. ఈ అంశం నాలుగవ భాగంలో మళ్లీ ప్రస్తావనకు వస్తుంది.

3. మూడు వ్యవస్థలలో తెలుగు

యూనికోడ్ తెలుగుకు 128 స్థానాల పట్టికను కేటాయించింది. ఇందులో అక్షరాల ముక్కలకు చోటు లేదు. వర్ణాలకే చోటు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం ఫైలులో ఆరు సంకేతాలుగా నిలుస్తుంది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమైన గుడి. వీటిని కలిపి తెర మీద ఒక్క అక్షరంగా రూపుదిద్దే పని ఆపరేటింగ్ సిస్టమ్‌లోని రూపకల్పన యంత్రాంగానిది, ఖతిది. కాబట్టి ఒకే ఫైలు మూడు వ్యవస్థలలో మూడు తీరులుగా కనిపించవచ్చు. లోపలి పాఠం మాత్రం మారదు. అను పద్ధతికీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే.

విండోస్ విషయానికి వస్తే, విండోస్ 2000లో హిందీకి, తమిళానికి ఏర్పాటు ఉన్నా తెలుగుకు లేదు. 2001లో విడుదలైన ఎక్స్‌పీతో ‘గౌతమి’ ఖతి వచ్చింది. అయితే సంకీర్ణ లిపుల ఏర్పాటును సీడీ నుంచి విడిగా చేర్చుకోవలసి వచ్చేది. ఆ సీడీ దొరకకపోవడం వల్లనే యూనికోడ్ తెలుగు రాదని నమ్మినవారు ఉన్నారు. విండోస్ 7లో ‘వాణి’, 8లో ‘నిర్మల యూఐ’ చేరాయి. విండోస్ 10 నాటికి గౌతమి, వాణి రెండూ ఐచ్ఛిక ఖతుల జాబితాలోకి వెళ్లిపోయాయి. గౌతమిలో పదేళ్ల కిందట కూర్చిన గ్రంథాన్ని కొత్త యంత్రంలో తెరిస్తే, ఆ ఖతులను విడిగా చేర్చుకుంటే తప్ప, వేరే ఖతి వచ్చి కూర్చుంటుంది. దానితో పంక్తుల పొడవు మారుతుంది, పుట చివర మారుతుంది, విషయసూచికలోని పుటసంఖ్యలు తప్పుతాయి. ఒకే సంస్థ తయారు చేసిన ఒకే వ్యవస్థలో సైతం ఈ సమస్య ఉందని గుర్తించాలి.

లినక్స్‌లో తెలుగు స్వచ్ఛంద కృషి ఫలితం. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన ‘పోతన 2000’, ‘వేమన 2000’, రెడ్ హ్యాట్ సంస్థ ద్వారా వచ్చిన ‘లోహిత్ తెలుగు’ ఖతులు ఉచితంగా పంచుకోదగినవి కావడంతో లినక్స్ పంపిణీలలో నేరుగా చేరాయి. హైదరాబాదు కేంద్రంగా ‘స్వేచ్ఛ’ ఉద్యమం తెలుగు ముఖంతో కూడిన వ్యవస్థను తేవడానికి పూనుకుంది. విండోస్ ఖతులు లినక్స్‌తో రావు, వాటి లైసెన్సు అందుకు ఒప్పుకోదు. కాబట్టి విండోస్‌లో నిర్మల యూఐతో కూర్చిన అధ్యాయం లినక్స్‌లో లోహిత్‌గానో నోటోగానో కనిపిస్తుంది. లినక్స్ వాడుకలో ఉన్న హార్ఫ్‌బజ్ అనే రూపకల్పన యంత్రాంగాన్నే 2017 నాటి లిబ్రె ఆఫీస్ 5.3 నుంచి అన్ని వ్యవస్థలలోనూ వాడుతున్నారు. అందువల్ల మూడు యంత్రాలలోనూ లిబ్రె ఆఫీస్, ఒకే ఉచిత ఖతి ఉంటే వత్తుల పొందికలో తేడా దాదాపు కనిపించదు.

మ్యాక్ తెలుగు వాడుకరులకు ఆలస్యంగా అందింది. 2011లో వచ్చిన లయన్‌తో ‘తెలుగు ఎంఎన్’, ‘తెలుగు సంగం ఎంఎన్’ ఖతులు చేరాయి. తరువాత ‘కోహినూర్ తెలుగు’ వచ్చింది. తెర మీద తెలుగు స్ఫుటంగా కనిపించడంలో మ్యాక్‌కు పేరుంది. ధర మాత్రం సామాన్య పరిశోధకునికి అందుబాటులో లేదు. పరిశోధక వృత్తి మీద ఆధారపడినవారికి ఆ పోలికే అనవసరం. అయితే 2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక సంఘటన ఇక్కడ ప్రస్తావించదగినది. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక విడదీత సంకేతం, ఆకారపు గుర్తు అనే వరుస వచ్చిన సందేశం ఐఫోన్లనూ మ్యాక్‌లనూ నిలువునా ఆపివేసింది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తోనూ, మ్యాక్‌కు అనుబంధ సవరణతోనూ దానిని సరిదిద్దింది. ప్రపంచ పత్రికలు దానిని ‘తెలుగు అక్షరం’ తప్పుగా వర్ణించాయి. మామూలుగా రాసే ‘విజ్ఞానం’లో ఆ విడదీత సంకేతం ఉండదు. తప్పు లిపిది కాదు, లిపిని రూపుదిద్దే యంత్రాంగానిది. అక్షరానికి అపకీర్తి అనవసరంగా వచ్చింది.

4. వేళ్లకు పట్టిన అమరిక

వ్యవస్థ మార్పుకు పెద్ద అడ్డంకి ధర కాదు, కీబోర్డు. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ మూడు వ్యవస్థలలోనూ ఉంది. దానిని నేర్చినవారికి యంత్రం మారినా చేయి తడబడదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతికి 1990ల తొలినాళ్లలో రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ మూలం. 2006లో వచ్చిన ‘లేఖిని’ దానిని బ్రౌజర్‌లోకి తెచ్చింది. విండోస్ 10లో 2019 మే సవరణతో ఇటువంటి ధ్వన్యనుసార కీబోర్డు తెలుగుకు నేరుగా లభించింది. లినక్స్‌లో ఐబస్, ఎం17ఎన్ ద్వారా ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన అమరికలతో పాటు ఆపిల్ అమరిక కూడా ఉంది. అంటే కూర్పరి తన వేళ్లకు అలవాటైన ఆపిల్ అమరికతోనే నేరుగా యూనికోడ్‌లో కూర్చవచ్చు. ఈ సంగతి డీటీపీ కేంద్రాలకు చేరవలసినంతగా చేరలేదు. చేరితే అను నుంచి బయటపడడానికి వారికి ఉన్న భయంలో సగం తగ్గుతుంది.

5. పరిశోధకునికి ప్రత్యేకమైన చిక్కులు

అకారాది సూచిక తయారీలో ఒక మెలకువ అవసరం. యూనికోడ్ పట్టికలో ర తరువాత ఱ, ల తరువాత ళ ఉన్నాయి. క్షకారానికి విడి స్థానం లేదు, అది కకారం కిందికే వస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ అయినా పట్టిక క్రమాన్ని యథాతథంగా అనుసరిస్తే వర్ణమాల చివర ళ, క్ష, ఱ లను చదివే సంప్రదాయానికి భిన్నమైన సూచిక వస్తుంది. యంత్రం ఇచ్చిన క్రమాన్ని చేతితో సరిచూడకుండా అచ్చుకు పంపరాదు.

శాసనాల మీద పనిచేసేవారికి మరొక చిక్కు ఉంది. ౘ, ౙ గుర్తులు 2008లో, శాసనభాషలోని ఴకారం 2014లో, ౚ 2015లో, నకారపొల్లు 2021లో యూనికోడ్‌లో చేరాయి. ఆ తరువాత తయారైన ఖతి లేని యంత్రంలో ఈ అక్షరాల స్థానంలో ఖాళీ గడి కనిపిస్తుంది. వ్యవస్థ ఏదైనా సరే, దాని వయస్సే ఇక్కడ నిర్ణాయకం.

కంటికి కనిపించని విడదీత సంకేతం పదాన్వేషణను కూడా తప్పుదారి పట్టిస్తుంది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటను ఒకరు ఆ సంకేతంతో, మరొకరు అది లేకుండా టైపు చేస్తే, వెతికినప్పుడు రెండూ ఒక్కటిగా దొరకకపోవచ్చు. పదాల ఆవృత్తిని లెక్కించే పరిశోధనలలో ఈ తేడాను ముందుగా సరిచేసుకోవాలి.

6. యంత్రాల వయస్సు

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా చిప్, నిర్దేశిత తరానికి చెందిన ప్రాసెసర్ అవసరం. డిగ్రీ కళాశాలల ప్రయోగశాలల్లోని పాత కంప్యూటర్లలో చాలావరకు ఈ పరీక్షలో నిలవలేవు. మే నెల ఎండ, కరెంటు కోతలు, మిరప సీజన్లో గాలిలో తేలే ఘాటు ధూళి ఇక్కడి యంత్రాల ఆయువును ఇప్పటికే తగ్గిస్తున్నాయి. ఆ యంత్రాలను పారవేయకుండా తెలుగు రచనకు వాడుకోవడానికి లినక్స్ నిజమైన మార్గం. సీడాక్ రూపొందించిన ‘బాస్’ కూడా ఈ కోవలోదే. అయితే అన్ని పనులకూ ఇది వర్తించదు. వ్యాపారుల లెక్కలకు వాడే ట్యాలీ విండోస్‌కు రూపొందినది. అటువంటి చోట లినక్స్‌ను సిఫారసు చేయడంలో అర్థం లేదు. తెలుగు శాఖలోని గదికీ వ్యాపారి గదికీ అవసరాలు వేరు.

7. శోధ్‌గంగలో తెలుగు

సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలని యూజీసీ 2009 నిబంధనలు విధించాయి. అవి ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధ్‌గంగలో నిలుస్తాయి. అను ఖతులతో తయారైన పీడీఎఫ్ అక్కడ కంటికి చక్కగానే కనిపిస్తుంది. అందులో ‘శ్రీనాథుడు’ అని వెతికితే మాత్రం దొరకడు. ఒక వాక్యాన్ని నకలు తీస్తే ఇంగ్లీషు గుర్తుల వరుస వస్తుంది. చదవగలిగినా వెతకలేని గ్రంథం తరువాతి పరిశోధకునికి లేనట్టే లెక్క. ఒకే అంశం మీద రెండు విశ్వవిద్యాలయాల్లో మళ్లీ మళ్లీ పరిశోధన జరగడానికి ఉన్న కారణాలలో ఇదీ ఒకటి కావచ్చు.

2018 నాటి యూజీసీ నిబంధనలు గ్రంథచౌర్య పరిశీలనను తప్పనిసరి చేశాయి. పది శాతం వరకు సారూప్యానికి శిక్ష లేదు. అను పాఠాన్ని సారూప్యాన్ని గుర్తించే సాఫ్ట్‌వేర్ తెలుగుగా చదవలేదు. దానికి వచ్చే తక్కువ శాతం పరిశోధకుని నిజాయతీకి ప్రమాణం కాదు, చౌర్యానికీ ప్రమాణం కాదు. ఆ సంఖ్యకు ఏ అర్థమూ లేదు. దానిని ధ్రువపత్రంలో నమోదు చేయడం ఒక లాంఛనంగానే మిగులుతుంది.

పాత గ్రంథాలను యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఉన్నాయి. పత్రికల పాత ఖతులను మార్చడానికి నాగార్జున వెన్న రూపొందించిన ‘పద్మ’ ఈ దారిలో తొలి ప్రయత్నాలలో ఒకటి. అను పాఠం విషయంలో మార్పిడి అంత తేలిక కాదు. ఖతి సమాచారం పోయిన ఫైలులో ఏది తెలుగు ముక్కో, ఏది నిజమైన ఇంగ్లీషు మాటో పరికరానికి తెలియదు. ఉదాహరించిన ఇంగ్లీషు గ్రంథనామాలు అర్థంలేని తెలుగుగా మారతాయి. కొన్ని వత్తులు పక్క అక్షరానికి అంటుకుంటాయి. తాళపత్ర ప్రతులను పరిష్కరించినవారికి ఈ స్థితి కొత్త కాదు. తేడా ఒక్కటే. లేఖకుని తప్పు ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా ఉంటుంది. మార్పిడి పరికరం తప్పు గ్రంథమంతటా చాలావరకు ఒకే విధంగా ఉంటుంది. ఒకచోట గుర్తుపడితే అంతటా ఒకేసారి సరిచేయవచ్చు. ఆ ఒకచోట గుర్తుపట్టడానికి శాఖ అల్మారాలోని అచ్చు ప్రతిని పక్కన పెట్టుకొని, మొదటి అధ్యాయాన్ని అక్షరమక్షరమూ చదవవలసి ఉంటుంది.