లడ్డూ సంచి మట్టిలో కలియును – పాల కవరు ఎందుకు కలియదు?

సంఘాల తనిఖీకి వెళ్ళినపుడు లెక్కలు, వెన్నశాతం రిజిస్టర్లు చూచిన పిదప సభ్యులతో కొంతసేపు మాట్లాడుట నాకు అలవాటు. ఇటీవల మన పడమటి మండలాలలోని ఒక సంఘంలో ఒక మహిళా సభ్యురాలు నన్నొక ప్రశ్న అడిగినది. ఆమె ఆవు మేత మాని, నెమరు వేయక, పొట్ట ఉబ్బి నిలబడినది. పశువైద్యులు పొట్టకు ఆపరేషన్ చేసి ముద్దలు ముద్దలుగా ప్లాస్టిక్ కవర్లు బయటకు తీసిరి. ఆవు బ్రతికినది గాని ఆ ఈత పాలు పోయినవి.

"దాంట్లో పాల కవర్లు గూడా ఉండాయి సార్. కొండ మీద లడ్డూలకిచ్చే సంచి మట్టిలో కలిసిపోతాదంట గదా. మన పాలకు ఆ సంచే పెట్టగూడదా?" అని ఆమె అడిగినది. అడుగవలసిన ప్రశ్నే. అందరు సభ్యులకు ఉపయోగపడునని సమాధానం ఇక్కడ వివరించుచున్నాను.

లడ్డూ సంచి ఎక్కడిది?

తిరుమలలో ఈ సంచుల విక్రయ కేంద్రం 2021 ఆగస్టులో ప్రారంభమైనది. వీటి వెనుక ఉన్న పరిశోధన హైదరాబాదులోని అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లాబొరేటరీది. ఇది రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ (డి.ఆర్.డి.ఓ.)కు చెందినది, అగ్ని క్షిపణుల పనిలో పేరుపొందినది. క్షిపణులు చేయువారికి సంచులతో ఏమి పని అని మీకు తోచవచ్చును. వేడిని తట్టుకొను పదార్థమునకైనా, మట్టిలో కలియు సంచికైనా మూలవిద్య ఒకటే: పాలిమర్లను, అనగా అణువులను గొలుసువలె కూర్చిన పదార్థాలను, కావలసిన గుణం వచ్చునట్లు మలచుట. ఈ సంచి 90 రోజులలో మట్టిలో కలిసిపోవునని ఆ సంస్థ తెలిపినది.

రెండు రకాల గొలుసులు

మన పాల కవరు పాలిథీన్‌తో చేసినది. 1933లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. కంపెనీ ప్రయోగశాలలో వేరొక ప్రయోగం చేయుచుండగా అనుకోకుండా తెల్లని మైనం వంటి పదార్థం బయటపడినది. అదే పాలిథీన్. దాని గొలుసు పొడవునా కార్బన్ అణువులు ఒకదానినొకటి పట్టుకొని యుండును. ఆ పట్టును తెంచుట మట్టిలోని సూక్ష్మజీవులకు దాదాపు సాధ్యము కాదు.

కొత్త సంచులలో వాడు పదార్థం పేరు పి.బి.ఎ.టి. దీని గొలుసులో మధ్యమధ్య ఎస్టర్ అను ముడులు ఉండును. ఇనుప గొలుసులో అక్కడక్కడ నార పలుపుతో ముడి వేసినట్లు అనుకొనుడు. సూక్ష్మజీవులు ఆ ముడులను కొరికి గొలుసును తుంటలు చేసి, తుదకు ఆహారంగా తీసికొనును.

మరి పాలకు ఎందుకు పనికిరాదు?

లడ్డూ సంచి ప్రసాదమును ఇంటికి చేర్చిన చాలును. పాల కవరు పని అంతకంటె కష్టము.

మొదటిది, కారరాదు. అర లీటరు కవరు మందం సుమారు 50, 60 మైక్రాన్లు మాత్రమే. అనగా మిల్లీమీటరులో ఇరవయ్యవ వంతు. ట్రేలలో ఒకదానిపై ఒకటి పడి, లారీలో కుదిపినను అతుకు విడరాదు. ఇందుకే మామూలు పాలిథీన్‌లో మరింత గట్టిదైన ఎల్.ఎల్.డి.పి.ఇ. రకమును కలుపుదురు.

రెండవది, తేమ. పాలిథీన్ నీటి ఆవిరిని చాలవరకు ఆపును. పి.బి.ఎ.టి. గుండా ఆవిరి అంతకంటె సులభంగా దాటిపోవును.

మూడవది, కవరులోనిదేదియు పాలలోనికి దిగరాదు. 2018 ఆహార ప్యాకింగు నిబంధనల ప్రకారం కిలో ఆహారంలోనికి ప్లాస్టిక్ నుండి దిగు పదార్థం మొత్తం 60 మిల్లీగ్రాములు మించరాదు. పాల కవర్లకు ఐ.ఎస్. 11805 అను ప్రమాణం ప్రత్యేకంగా ఉన్నది. కొత్త పదార్థమేదైనను ఈ పరీక్షలన్నిటిలో నెగ్గి, ధరలోను కట్టుబడి కావలెను. ఇతర పదార్థాలు కలిపియు, పలుచని పూతలు వేసియు ఈ లోపములు తీర్చుటకు పలు దేశాలలో పరిశోధనలు సాగుచున్నవి.

ఒక అపోహ

మట్టిలో కలియునది గదా, ఆవు తిన్నను కరిగిపోవునని కొందరు భావించుచున్నారు. ఇది పొరపాటు. ఇట్టి ప్లాస్టిక్కులకు వర్తించు ఐ.ఎస్./ఐ.ఎస్.ఓ. 17088 ప్రమాణం పెద్ద కంపోస్టు కేంద్రములను దృష్టిలో ఉంచుకొన్నది. అక్కడ వేడి సుమారు 58 డిగ్రీలు, గడువు నెలలు. ఆవు పొట్టలో వేడి 39 డిగ్రీల దరిదాపు. పొట్ట నిండి నెమరు ఆగుటకు అన్ని నెలలు అక్కరలేదు. కావున ఆ సభ్యురాలి ఆవు లడ్డూ సంచులే తినియున్నను ప్రమాదం తప్పెడిదని చెప్పలేము. సంచి ఏదైనను వీధిలో పడకుండుటయే పశువుకు రక్షణ.

సంఘములు చేయవలసిన పనులు

1. పాల కవరును మూల కత్తిరించునపుడు చిన్న ముక్క ఊడిపోకుండ కవరుకే అంటియుండునట్లు కత్తిరించవలెను. ఆ ముక్క ఒకసారి ఊడిన తిరిగి ఏరుట అసాధ్యము.

2. ఖాళీ కవర్లను కడిగి ఆరబెట్టి ఒక సంచిలో చేర్చవలెను. శుభ్రమైన పాలిథీన్‌ను కరిగించి మరల వస్తువులు చేయవచ్చును. పాలు పులిసి కంపుకొట్టు కవరును కొనువాడుండడు. ప్యాకింగు ప్లాస్టిక్ బాధ్యత ఉత్పత్తిదారులు, బ్రాండు యజమానులదేనని కేంద్రం 2022 ఫిబ్రవరిలో మార్గదర్శకములు వెలువరించినది. సేకరణకు మన డెయిరీలు ఏర్పాటు చేయవలెనని సర్వసభ్య సమావేశంలో తీర్మానించి పంపుడు.

3. మిగిలిన కూడు, కూరగాయల తొక్కలు కవరులో మూటగట్టి పారవేయరాదు. ఆ ఉప్పు వాసనకే పశువు కవరుతో సహా మింగును.

4. రంగులు, మందులు వచ్చిన పాత ప్లాస్టిక్ డ్రమ్ములలో పాలు పోయరాదు. కడిగినను ఆ పదార్థం గోడలలో ఇంకియుండును.

పాలను సురక్షితంగా ఇల్లు చేర్చి, ఆపైన తానును హాని చేయక మట్టిలో కలియు కవరు ఏనాడో ఒకనాడు రావచ్చును. ఆ పని ప్రయోగశాలలది. అంతవరకు మన పాడిపశువు పొట్టలోనికి మన పాల కవరే పోకుండ చూచుకొనుట మనది. ఈ నెల సమావేశంలో ప్రతి కార్యదర్శియు ఈ విషయం సభ్యులకు చదివి వినిపించవలెనని కోరుచున్నాను.