లామినార్ ఎయిర్‌ఫ్లో: మొక్కకు రక్షణ, మనిషికి జాగ్రత్త

అరటి, చెరకు వంటి పంటల్లో ఆరోగ్యవంతమైన నారును పెద్ద సంఖ్యలో ఉత్పత్తి చేయడానికి టిష్యూ కల్చర్ ముఖ్యమైన పద్ధతి. ఈ ప్రయోగశాలల్లో కీలకమైన పని లామినార్ ఎయిర్‌ఫ్లో ముందు జరుగుతుంది. ఇందులోని హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల పరిమాణం గల కణాలను 99.97 శాతం వరకు ఆపుతుంది. వడపోసిన గాలి సెకనుకు సుమారు 0.45 మీటర్ల వేగంతో బల్ల మీదుగా ప్రసరిస్తుంది. అడ్డంగా గాలి వీచే పరికరాల్లో అది నేరుగా పనిచేసేవారి ముఖం వైపు వస్తుంది. అంటే ఈ గాలి కాపాడేది మొక్క ముక్కను మాత్రమే. ముందు కూర్చున్న మనిషి తన రక్షణను తానే చూసుకోవాలి.

శిలీంధ్రాలతో పనిచేసేటప్పుడు ఈ తేడాను మరచిపోరాదు. వేరుశనగలో అఫ్లాటాక్సిన్‌ను కలిగించే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్‌ను ఈ బల్లపై తెరిస్తే, దాని సిద్ధబీజాలు గాలితోపాటు పరిశోధకుని ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు. ఉబ్బసం ఉన్నవారికి, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారికి ఇది మరింత హానికరం. ఇటువంటి పనికి రెండవ తరగతి బయోసేఫ్టీ క్యాబినెట్‌నే వాడాలి. అది ముందు భాగం నుండి గాలిని లోపలికి లాగి, వడపోసిన తరువాతే బయటకు వదులుతుంది. ఘాటైన ఆవిరినిచ్చే రసాయనాలకు ఈ రెండూ పనికిరావు. వాటికి ఫ్యూమ్ హుడ్ అవసరం.

రెండవ ప్రమాదం స్పిరిట్. 70 శాతం ఇథనాల్ ఆవిరి సుమారు 17 డిగ్రీల సెల్సియస్ వద్దనే మంటనంటుకోగలదు. మన గదుల ఉష్ణోగ్రత దాదాపు ఎల్లప్పుడూ అంతకంటే ఎక్కువే. పైగా ఆ మంట వెలుతురులో సరిగా కనిపించదు. బల్లను, చేతులను స్పిరిట్‌తో తుడిచాక పూర్తిగా ఆరిన తరువాతే దీపం వెలిగించాలి. వేడిగా ఉన్న ఫోర్సెప్స్‌ను తిరిగి స్పిరిట్‌లో ముంచరాదు. దీపానికి బదులు విద్యుత్తుతో పనిచేసే గాజుపూసల స్టెరిలైజర్ వాడితే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది.

మూడవది అతినీలలోహిత దీపం. 254 నానోమీటర్ల కిరణాలు సూక్ష్మజీవులనే కాక కంటి పొరను, చర్మాన్ని కూడా దెబ్బతీస్తాయి. కంట్లో ఇసుక పడినట్లు అనిపించే నొప్పి కొన్ని గంటల తరువాత మొదలవుతుంది కాబట్టి, అసలు కారణం చాలామందికి తోచదు. దీపం ఆపిన తరువాతే బల్ల ముందు కూర్చోవాలి.

మొక్క ముక్కల ఉపరితల శుద్ధికి 0.1 శాతం మెర్క్యూరిక్ క్లోరైడ్‌ను వాడే అలవాటు ఇంకా ఉంది. ఇది తీవ్రమైన విషం. అందులోని పాదరసం నేలలో, నీటిలో నశించదు. ముందుగా సోడియం హైపోక్లోరైట్‌తో ప్రయత్నించడం మేలు. పాదరస ద్రావణం తప్పనిసరైతే, వాడిన ద్రావణాన్నీ కడిగిన నీటినీ పేరు రాసిన వేరే పాత్రలో సేకరించాలి, సింకులో పోయరాదు. హైపోక్లోరైట్‌ను ఆమ్లంతో కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వద్ద, చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనంలో శుద్ధి జరుగుతుంది. పీడనం సున్నాకు దిగిన తరువాతే మూత తీయాలి. అప్పటికీ సీసాల్లోని అగార్ కుదిపితే ఒక్కసారిగా పొంగవచ్చు. కాబట్టి వేడిని తట్టుకునే చేతి తొడుగులు, ముఖ కవచం ధరించాలి.

విద్యార్థి తొలిసారి బల్ల ముందు కూర్చోకముందే ఈ విషయాలను చేసి చూపించి నేర్పాలి. టిష్యూ కల్చర్, ట్రైకోడెర్మా ఉత్పత్తి కేంద్రాలను సందర్శించే విస్తరణ శాస్త్రవేత్తలు నారు నాణ్యతతోపాటు, గాలి ఏ వైపు వీస్తోంది, వ్యర్థ ద్రావణం ఎక్కడికి పోతోంది, రోజంతా అక్కడ పనిచేసేవారికి మాస్కులు, కళ్లద్దాలు అందుతున్నాయా అన్నదీ పరిశీలించాలి. కలుషితమైన కల్చర్‌ను పారవేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. దెబ్బతిన్న కంటిచూపును, ఊపిరితిత్తులను తిరిగి తీసుకురావడం అంత సులభం కాదు.