జిగురు ఎక్కడిది, రక్తం ఎక్కడిది?

అనంతగిరి కొండల్లో తొలకరి పడి వికారాబాద్ వాగుల్లో ఎర్రనీళ్లు పారగానే ఇంట్లో పెద్దవాళ్లు "నీళ్లు కాచి తాగండి" అంటారు. ఎందుకు? వరదతోపాటు మట్టీ, మలమూ బావిలోకో, పగిలిన పైపులోకో చేరతాయి. వాటితో షిగెల్లా అనే బ్యాక్టీరియా, అమీబా అనే ఏకకణ జీవి కూడా రావచ్చు. ఆ నీళ్లు తాగితే అవి పేగులోకి చేరతాయి.

పేగు లోపలి గోడ తాండూరు బండలా గట్టిది కాదు, మెత్తని పొర. మలం సాఫీగా జారడానికి దానిమీద ఎప్పుడూ కాస్త జిగురు ఉంటుంది. క్రిములు దాడి చేస్తే గోడ వాచి జిగురు ఎక్కువగా ఊరుతుంది. పుండు పడిన చోట సన్నని రక్తనాళాలు చిట్లుతాయి. ఆ జిగురూ, రక్తమూ మలంతో కలిసి వస్తే అవే జిగట విరేచనాలు. కడుపు మెలిపెడుతుంది, పదేపదే పరుగెత్తాలి, తీరా వెళ్తే చెంచాడే వస్తుంది! షిగెల్లాను 1897లో జపాన్ వైద్యుడు కియోషి షిగా కనిపెట్టాడు. పేరూ ఆయనదే. వంద లోపు క్రిములు నోట్లోకి వెళ్లినా చాలు, అందుకే సబ్బుతో చేతులు కడగమనేది.

మలంలో రక్తానికి వేరే కారణాలూ ఉన్నాయి. మలబద్ధకంతో గట్టిగా ముక్కితే మలద్వారం అంచు చీలి, మలంపై ఎర్రటి చార పడుతుంది. పేగువాపు జబ్బుల్లోనూ రక్తం, జిగురు రావచ్చు. బీట్‌రూట్ తిన్న మర్నాడు కనిపించే ఎరుపు మాత్రం ఉత్త రంగే (ఓసారి నేనూ హడలిపోయాను).

రక్తం కనిపిస్తే సిగ్గుపడి దాచొద్దు, అమ్మకో నాన్నకో చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అమీబాకు మందు వేరు, షిగెల్లాకు వేరు. మల పరీక్ష అందుకే. ఈలోగా ఓఆర్‌ఎస్ తాగుతుండాలి. విరేచనాలు కట్టేసే మాత్ర మాత్రం సొంతంగా మింగకూడదు, క్రిములు లోపలే తిష్ఠ వేస్తాయి.