పెద్ద పౌను, చిన్న పౌను

ఈ పూట ఒక పాత తూకం సంగతి ముచ్చటించుకుందాం. పట్టుపురుగులు పెంచేవారు కొంచెం శ్రద్ధగా చూడండి.

పౌను అంటే 16 ఔన్సులని మనలో పెద్దవారు ఎరుగుదురు. కాని ఒకప్పుడు ఇంగ్లండు పట్టు వ్యాపారంలో ముడిపట్టును తూచే పౌనుకు 24 ఔన్సులు! దానిని ‘పెద్ద పౌను’ అనేవారు. మన లెక్కన సుమారు 680 గ్రాములు. అదే పట్టును పురిపెట్టి దారం చేశాక మాత్రం మామూలు పౌనుతో, అంటే 16 ఔన్సులతో, సుమారు 454 గ్రాములతో తూచేవారు. సరుకు ఒకటే, పేరు ఒకటే, తూకాలు మాత్రం రెండు.

ఇందులో చిక్కెక్కడుందో లెక్కవేసి చూడండి. ఒకడు 10 పెద్ద పౌన్ల ముడిపట్టు కొన్నాడనుకోండి. అంటే 240 ఔన్సులు. తరుగేమీ పోలేదనుకుంటే, పురిపెట్టాక అది 15 చిన్న పౌన్లవుతుంది. పది తెస్తే పదిహేనయిందని సంబరపడితే పప్పులో కాలేసినట్టే. పట్టు గింజంతైనా పెరగలేదు, రాయి మారిందంతే. కొన్న ధరనూ అమ్మిన ధరనూ ఒకే పౌనుకు సరిచూసుకోనివాడు లాభమేదో నష్టమేదో ఎట్లా తెలుసుకుంటాడు?

ఇది పరాయివాళ్ల తంటా అనుకునేరు. మనకూ ఉండేది. మద్రాసు సేరుకు 24 తులాలైతే, రైల్వే సేరుకు 80 తులాలు. సేరు ఎంతకిచ్చావని ఎవరైనా అడిగితే, ఏ సేరని ఎదురడగవలసి వచ్చేది. 1956లో చట్టం వచ్చి, 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు అమలులోకి రావడం మొదలైంది. క్రమంగా ఆ బాధ తీరింది. కిలో ఎక్కడైనా కిలోయే.

అయితే రాయి ఒకటైనంత మాత్రాన తూకం చిక్కు పూర్తిగా తీరుతుందా? పట్టు విషయంలో తీరదు. పట్టు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తన బరువులో మూడో వంతుకు దగ్గరగా నీరు పట్టినా, చేతికి తడి తగలకపోవచ్చు. అందుకే 1805లో ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో పట్టు తేమను చూసి సరియైన బరువు తేల్చే కార్యాలయం పెట్టారు. దరిమిలా స్థిరపడిన పద్ధతి ఇది: నమూనా తీసి తేమ పూర్తిగా పోయేదాకా ఆరబెట్టి, వచ్చిన బరువుకు నూటికి 11 వంతున కలుపుతారు. ఎండు పట్టు 100 కిలోలైతే 111 కిలోలకు సొమ్ము కడతారు. వానాకాలమైనా, వేసవి అయినా లెక్క ఒకటే.

ఇక మన పట్టుగూళ్ల సంగతికి వద్దాం. పచ్చిగూడు బరువులో దరిదాపు అయిదింట నాలుగు వంతులు లోపలి పురుగుదే. పట్టు ఉండేది పైపెంకులో. పురుగు గూడు కట్టడం మొదలుపెట్టిన రెండు మూడు రోజులకే, బరువు ఎక్కువ తూగుతుందని కోసేశారనుకోండి, లోపలి పురుగు ఇంకా లేతగా ఉండి చితుకుతుంది, గూటికి మరక పడుతుంది. సాధారణంగా అయిదారు రోజులు ఆగి కోయాలి. ఆపైన జాగుచేసినా బరువు రోజురోజుకూ తగ్గుతుంది. మరీ ఆలస్యమైతే చిలుక గూటికి చిల్లిపెట్టుకుని బయటికి వస్తుంది. అటువంటి గూటినుంచి దారం తెగకుండా తీయలేరు.

దారం తీసేవాడు మీ గూళ్ల బరువును మాత్రమే చూడడు. కిలో దారానికి ఎన్ని కిలోల గూళ్లు పడతాయని చూస్తాడు. ఎనిమిది కిలోలు చాలిన సరుకుకూ, పది కిలోలు పట్టిన సరుకుకూ ఒకే ధర ఎందుకిస్తాడు, మీరే చెప్పండి.

కాబట్టి గూళ్లు సంతకు తీసుకుపోయే ముందు మరకపడినవీ, జంటగూళ్లూ, పలచనివీ ఏరి వేరుచేయండి. బుట్టల్లో అదిమి కుక్కకండి, చెమ్మ పడుతుంది. తూకం మీ కళ్ల ఎదుటనే చూసుకోండి. బరువూ ధరా వ్రాసిన చీటీ అడిగి పుచ్చుకోండి. ఇంట్లో ఒక పుస్తకం పెట్టి, ప్రతి పంటకూ ఎన్ని గుడ్లు పెట్టారో, ఎన్ని కిలోల గూళ్లు వచ్చాయో, కిలో ఎంతకు పోయిందో వ్రాసుకోండి.

పెద్ద పౌను ఏనాడో పోయింది. కాని అది నేర్పిన పాఠం మాత్రం నిలిచే ఉంది. ధర ఎంతని అడిగేముందు, దేనికి ధర అని అడగండి.