కత్తి పట్టిన చదలవాడ వారి అమ్మాయి

కత్తియుద్ధమంటే మా తరానికి కాంతారావుగారి జానపద చిత్రాలే. మెట్లమీద ఎగురుతూ దూకుతూ ఒక్కో యుద్ధం ఎంతసేపు సాగేదో! అందుకే 2021 జూలై 26న తెల్లవారుజామున మనవరాలు నన్ను లేపి, "తాతయ్యా, మన చెన్నై అమ్మాయి ఒలింపిక్సులో కత్తియుద్ధం చేస్తోంది" అంటే, తీరిగ్గా చూడవచ్చు కదా అని టీవీ ముందు కూర్చున్నాను. ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే ట్యునీషియా అమ్మాయి మీద 15-3 తేడాతో గెలుపు!

ఆమె చదలవాడ ఆనంద సుందరరామన్ భవానీదేవి. ఇంటిపేరు వినగానే నాకు అనుమానం రానే వచ్చింది. తండ్రిగారిది అప్పటి తూర్పుగోదావరి జిల్లా సామర్లకోట, పౌరోహిత్యం వృత్తి. భవాని మాత్రం 1993లో చెన్నైలోనే పుట్టింది.

బడిలో ఆటలకు పేర్లు ఇచ్చేటప్పుడు మిగతావన్నీ నిండిపోయి, ఆమెకు ఫెన్సింగే మిగిలిందట. అందులో ఆమెది సేబర్ విభాగం. నడుముకు పైన తల, చేతులు, ఒళ్ళు, ఎక్కడైనా కత్తి మొనగానీ అంచుగానీ తగిలితే దీపం వెలుగుతుంది. ఇద్దరికీ ఒకేసారి తగిలితే దాడి ముందుగా మొదలుపెట్టినవారికే పాయింటు. అసలు కత్తులు ఖరీదైనవి కాబట్టి మొదట్లో వెదురు కర్రలతోనే సాధన. విదేశీ పోటీలకు పంపడానికి తల్లి నగలు తాకట్టు పెట్టారు.

2007లో టర్కీలో మొదటి అంతర్జాతీయ పోటీ. మూడు నిముషాలు ఆలస్యమైందని నల్ల కార్డు చూపించి బయటకు పంపేశారు. (మన సభలు అరగంట ఆలస్యమైనా వేళకే మొదలైనట్టు లెక్క!) పద్నాలుగేళ్ళ పిల్ల అంత దూరం వెళ్ళి, కత్తి ఎత్తకుండానే తిరిగి రావడం ఎలా ఉంటుందో తలచుకుంటేనే నాకు దిగులేస్తుంది.

తరువాత కేరళలోని తలశ్శేరి, ఆపైన ఇటలీలోని లివోర్నోలో శిక్షణ. 2017లో ఐస్‌లాండ్‌లో, 2018లో కాన్‌బెర్రా కామన్వెల్త్ పోటీల్లో స్వర్ణాలు. 2019లో తండ్రిగారు పోయారు. కూతురు ఒలింపిక్సులో ఆడటం ఆయన చూడలేకపోయారు.

టోక్యోలో రెండో పోటీలో ఫ్రాన్స్ క్రీడాకారిణి మనోన్ బ్రూనే చేతిలో 7-15తో ఓడింది. ఆనాడే భవాని దేశప్రజలకు క్షమాపణ చెప్పుకుంది. అది చదివి నా మనసు చివుక్కుమంది. అంతకుముందు మన దేశం నుంచి ఆ ఆటలో ఒలింపిక్సు గడప తొక్కినవారే లేరు! ఎవరికమ్మా క్షమాపణ?

2023 జూన్‌లో చైనాలోని వూషీలో ఆసియా పోటీలు జరిగాయి. అప్పటి ప్రపంచ విజేత, జపాన్‌కు చెందిన మిసాకి ఎమురాను క్వార్టర్ ఫైనల్లో 15-10తో ఓడించింది భవాని. సెమీఫైనల్లో ఉజ్బెకిస్తాన్ అమ్మాయి చేతిలో 14-15తో ఓటమి. అయినా కాంస్యం దక్కింది. ఆ పోటీల్లో భారతదేశానికి అదే తొలి పతకం.

నేను పతకం గురించి మాట్లాడబోతే, మా మనవరాలు ఇప్పటికీ ఆ పోయిన ఒక్క పాయింటు గురించే వాదిస్తుంది.